చేప కడుపులో ఉంగరం: తాహా హుస్సేన్ రచనల్లో చూపు, కథ

సావిత్రి యముడిని అడిగిన వరాలలో మొదటిది మామగారి చూపు. ద్యుమత్సేనుడికి కళ్ళు వచ్చాయి, ఆ వెనుక పోయిన రాజ్యమూ వచ్చింది. అష్టావక్రుడు సమంగా నదిలో మునిగి లేస్తే ఒంటి వంకరలు తీరిపోయాయి. గులేబకావళి కథలో కొడుకును చూసినందుకు అంధుడైన రాజుకు, ఆ కొడుకే అడవులూ మాయలూ దాటి బకావళి పువ్వు తెచ్చి కళ్ళకు అద్దుతాడు. పద్దెనిమిదో శతాబ్దిలో ఇజ్జతుల్లా బెంగాలీ పారసీకంలో రాసిన ఆ కథ ఉర్దూ మీదుగా దేశమంతా తిరిగి, 1962లో రామారావు సినిమాగా మన ఇళ్ళలోకి వచ్చింది. (సినారె సినిమా పాటల ప్రస్థానం మొదలైంది కూడా దానితోనే.) అద్భుత కథకు అంగవైకల్యంతో ఉన్న సంబంధం చాలా పాతది, చాలా సూటిది కూడా: ఆరంభంలో ఒక లోపం, ముగింపులో దాని నివారణ. నివారణ కుదరకపోతే ఆ లోపం శిక్షగానో, హాస్యంగానో మిగులుతుంది.

వెయ్యిన్నొక్క రాత్రులలో ఈ రెండో రకం ఎక్కువ. ముగ్గురు ఖలందర్లు ఒకే ఇంటి తలుపు తడతారు. ముగ్గురికీ ఒక్కొక్క కన్నే ఉంటుంది. వారిలో ఒకడు తెరవవద్దన్న తలుపు తెరిచినందుకు రెక్కల గుర్రం తోక దెబ్బకు కన్ను పోగొట్టుకున్నవాడు. గూనివాడి కథలో ఒక వాచాలుడైన క్షురకుడు తన ఆరుగురు అన్నదమ్ముల కథలు చెబుతాడు. ఆరుగురూ ఏదో ఒక అవయవం చెడినవారే. మూడోవాడు అంధుడు, నాలుగోవాడికి ఒంటికన్ను. ఖలీఫా విని విరగబడి నవ్వుతాడు.

ఈ కథలను చెవులారా విని పెరిగిన ఒక అంధ బాలుడు పెద్దవాడై నవలలు రాస్తే, ఆ ముగింపులను ఏం చేస్తాడు? ఈజిప్టు రచయిత తాహా హుస్సేన్ (1889–1973) పుస్తకాలను వరసగా చదువుతున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న ఇది. ఆయన్ని విద్యావేత్తగా, వివాదాస్పద విమర్శకుడిగా, మంత్రిగా గుర్తుంచుకునేవారే ఎక్కువ. నేనుండే ఖోర్ ఫక్కాన్‌లో ఈజిప్టు సహోద్యోగుల దగ్గర ఆయన పేరెత్తితే బడిలో చదివిన పాఠం గుర్తొస్తుంది గానీ నవల గుర్తు రాదు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన రచయితకు ఎక్కడైనా పట్టే గతే అది, మనవాళ్ళకూ పట్టింది.

నైలు లోయలో, మిన్యా ప్రాంతంలోని మగాగా పట్టణం దగ్గర ఒక పల్లెలో ఆయన పుట్టాడు. పదముగ్గురు సంతానంలో ఏడోవాడు. పసితనంలోనే కళ్ళు ఎర్రబడి వాచాయి. అరబ్బీలో ఆ జబ్బును రమద్ అంటారు. ఇంట్లో కొన్నాళ్ళు పట్టించుకోలేదు. తరువాత ఊరి క్షురకుడిని పిలిపించారు. అతను చేసిన వైద్యంతో ఉన్న చూపు కూడా పోయింది. కథలోని క్షురకుడి తమ్ముళ్ళను తలుచుకుని నవ్వే పాఠకుడికి ఇక్కడ నవ్వు ఆగిపోతుంది.

వైద్య చరిత్ర తెలిసినవారికి ఆ తేదీలు మరింత బాధ కలిగిస్తాయి. నెపోలియన్ 1798 దండయాత్ర తరువాత ఈజిప్టు కంటిజబ్బు సైనికులతో పాటు ఐరోపాకు పాకింది. లండన్‌లో 1805లో మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి పుట్టడానికి అదొక కారణం. 1883లో కలరా పరిశోధనకు అలెగ్జాండ్రియా వచ్చిన రాబర్ట్ కాక్, పనిలో పనిగా అక్కడి కంటి స్రావాలలో ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. అంటే తాహా పుట్టడానికి ఆరేళ్ళ ముందే, ఆ ఇంటిమీద పడబోయే రెండు ఉపద్రవాలనూ ఒకే శాస్త్రవేత్త ఒకే ప్రయాణంలో సూక్ష్మదర్శిని కింద వెదికాడు. 1902 కలరాలో తాహా అన్న, వైద్యవిద్యలో చేరబోతున్న యువకుడు, ఒక్క రాత్రిలో పోయాడు. అర్నెస్ట్ కాసెల్ ఇచ్చిన 40,000 పౌండ్ల విరాళంతో మెకాలన్ అనే ఆంగ్ల వైద్యుడు 1903లో పని మొదలుపెట్టి గుడారాలలో సంచార కంటి ఆసుపత్రులు నడిపేనాటికి తాహాకు పద్నాలుగేళ్ళు వచ్చేశాయి. మా పొరుగునే ఉన్న ఒమాన్, ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ధ్రువీకరించింది. భారతదేశానికి ఆ గుర్తింపు 2024లో వచ్చింది. ఇదంతా చేతిలో సబ్బూ నీళ్ళూ, చిన్న మందుసీసా ఉంటే తప్పే చీకటి.

అయితే తాహా హుస్సేన్ ఈ కథను కోపంతో చెప్పలేదు. 1926 చివరి నుంచి 'అల్-హిలాల్' పత్రికలో ధారావాహికగా వచ్చి, 1929లో పుస్తకమైన 'అల్-అయ్యామ్' (రోజులు) మొదటి భాగం ఆధునిక అరబ్బీ ఆత్మకథలకు ఒరవడి పెట్టింది. అందులో 'నేను' లేదు. 'ఆ పిల్లవాడు', 'మన మిత్రుడు' అంటూ నడుస్తుంది. ఆత్మకథ అని పేరు పెట్టుకున్నా, చదివితే నవల చదివినట్టే ఉంటుంది.

మొదటి అధ్యాయంలోనే ఒక కంచె ఉంది. ఇంటి ముందు మొక్కజొన్న దంట్లతో అల్లిన కంచె. ఆ పిల్లవాడికి ప్రపంచం అక్కడితో సరి. సాయంత్రాలు కంచె దగ్గర నిలబడితే ఊరి గాయకుడి గొంతు వినిపిస్తుంది. చుట్టూ జనం చేరి, అబూ జైద్, ఖలీఫా, దియాబ్ అనే వీరుల గాథలు వింటుంటారు. మన బుర్రకథ దగ్గర చేరినట్టే, మధ్యలో వాదులాడుకుంటారు, మళ్ళీ వింటారు. కథ మంచి పట్టులో ఉండగా అక్క వచ్చి లోపలికి పిలుస్తుంది. వాడు రానంటాడు. గడ్డిపోచను ఎత్తినట్టు ఎత్తుకుపోయి తల్లి ఒడిలో తల పెట్టి పడుకోబెడుతుంది. తల్లి ఒక్కొక్క కన్నూ తెరిచి ఏదో ద్రవం పోస్తుంది. అది మండుతుంది, మేలు మాత్రం చేయదు. వాడు ఏడవడు. చెల్లెలిలా ఏడుపుగొట్టువాడు అనిపించుకోవడం వాడికి ఇష్టం లేదు.

ఒక వైద్యుడిగా నేను మళ్ళీ మళ్ళీ ఆగిపోయిన చోటు ఇది. వైద్యం వచ్చి కథను మధ్యలో తెంచేసింది. చూపు తెప్పిస్తుందనుకున్న మందు వాడికి దక్కుతున్న ఒకే ఒక్క సంతోషానికి అడ్డుపడింది. ఈ ఒక్క సన్నివేశంలో తాహా హుస్సేన్ అద్భుత కథల పాత సూత్రాన్ని తలకిందులు చేశాడనిపిస్తుంది. అక్కడ కథ చివర చికిత్స ఉంటుంది. ఇక్కడ చికిత్స మొదలయ్యేసరికి కథ పోతుంది.

ఆ తరువాత రాత్రి. దుప్పటి ముసుగు ఎక్కడ తొలగినా భూతం వేలు తగులుతుందని బిగుసుకుని పడుకుంటాడు. ఇంట్లో ప్రతి చప్పుడుకూ ఒక ఆకారం కల్పించుకుంటాడు. కాలువకు నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళ మాటలు వినబడితే తెల్లవారిందని అర్థం, భయం తీరిపోతుంది. వెలుగు అతనికి గొంతుల రూపంలో వస్తుంది.

ఆ కాలువలోనే చేప ఉంది. పిల్లలను మింగే చేపలు అందులో ఉంటాయనీ, వాటిలో ఒకదాని కడుపులో సులేమాన్ ప్రభువు ఉంగరం ఉందనీ, దాన్ని వేలిమీద తిప్పితే ఇద్దరు జిన్‌లు సేవకులై వచ్చి కోరింది చేస్తారనీ విన్నాడు. చేప తనను మింగితే బాగుండునని ఆశపడతాడు. ఆ ఉంగరంతో ఏం కోరుకుంటాడు? గులేబకావళి విన్న మనం ఒకటే ఊహిస్తాం: కళ్ళు. ఆ పిల్లవాడు అది అడగడు. జిన్‌లలో ఒకడు తనను ఎత్తుకుని కాలువ అవతలి ఒడ్డుకు చేరిస్తే, అక్కడి వింతలు కొన్ని చూడాలన్నది అతని కోరిక. చూడడం అన్న మాటే వాడాడు. కళ్ళు వచ్చాక అనలేదు. ప్రపంచంలోని ఏ శక్తినైనా శాసించగల ఉంగరాన్ని ఒక సన్నని కాలువ దాటడానికి అడిగాడు. పెద్దయ్యాక తెలిసిందంటాడు: ఆ కాలువను కుర్రవాళ్ళు ఒక్క గెంతులో దాటేస్తారనీ, అప్పుడప్పుడూ ఎండిపోతే పిల్లలు దిగి మిగిలిన చేపలు ఏరుకుంటారనీ.

వైకల్యం అంటే కళ్ళలో ఉన్న లోపమా, కంచెకూ కాలువకూ మధ్య మిగిలిన కొద్దిపాటి నేలా? ఆ చర్చకు నేడు సిద్ధాంతాలున్నాయి, విశ్వవిద్యాలయ శాఖలున్నాయి. తాహా 1926లో ఒక చేపతో తేల్చేశాడు.

ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన ఘటన ఇంకొకటి. ఒకరోజు సరదా పుట్టి ముద్దను రెండు చేతులతో తీసుకున్నాడు. అన్నలు పకపక నవ్వారు. తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. తండ్రి మెల్లగా, ముద్ద అలా తీసుకోకూడదు నాయనా అని చెప్పాడు. ఆ రాత్రి ఎలా గడిచిందో తనకే తెలియదట. నాటినుంచి ఒలికిపోయే పదార్థాలు మానేశాడు. నలుగురిలో తినడం మానేశాడు. పదో శతాబ్దంలో పుట్టిన సిరియా కవి అబుల్ అలా అల్-మఅర్రీ మశూచితో చూపు పోగొట్టుకున్నవాడు. తింటున్న పాకం రొమ్ము మీద ఒలికితే శిష్యుడు చెప్పాడని జీవితాంతం ఆ పాకం ముట్టలేదు. తన పసితనపు పట్టుదలతోనే ఆ కవి తనకు అర్థమయ్యాడంటాడు తాహా.

ఆ కవి మీదే 1914లో పరిశోధన చేసి, 1908లో స్థాపించిన కైరో విశ్వవిద్యాలయం నుంచి తొలి డాక్టరేటు అందుకున్నాడు. మఅర్రీ రాసిన 'రిసాలతుల్ గుఫ్రాన్' (క్షమా లేఖ) ఒక ఊహాయాత్ర. స్వర్గనరకాలలో తిరుగుతూ చచ్చిపోయిన కవులను పలకరించే వ్యంగ్య రచన. స్వర్గంలో రేచీకటి కవి అల్-ఆషాకు చక్కని కళ్ళు వచ్చాయి. నరకంలో పుట్టంధుడైన కవి బష్షార్ ఇబ్న్ బుర్ద్‌కూ కళ్ళు ఇచ్చారు, తనకు పడుతున్న శిక్షను తానే చూసుకోవడానికి! వేయి సంవత్సరాల క్రితం ఒక అంధుడు అద్భుత కథలలోని నివారణను ఇంత చేదుగా ఎగతాళి చేశాడు. తాహాకు ఈ వారసత్వం ఉంది. (మఅర్రా పట్టణంలోని ఆ కవి విగ్రహానికి 2013లో తల నరికారు. చనిపోయి దాదాపు వేయేళ్ళయినా కొందరికి ఆయన మీద కోపం తీరలేదు.)

తాహా జీవితంలోని బయటి సంగతులు తొందరగా చెప్పవచ్చు. 1902లో అల్-అజ్‌హర్. 1914లో ఫ్రాన్స్. మొంపెలియేలో సుజాన్ అనే అమ్మాయి పుస్తకాలు చదివి వినిపించేది. 1917లో ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. బ్రెయిలీ నేర్చుకున్నాడు గానీ వేళ్ళతో చదవడం అతనికి పొసగలేదు, చెవి అలవాటు అంత బలమైనది. 1926లో ఇస్లాం పూర్వపు కవిత్వం మీద రాసిన పుస్తకం పెద్ద దుమారం రేపింది. 1932లో ప్రభుత్వం ఆయన్ని డీన్ పదవి నుంచి తొలగించింది. 1950లో విద్యామంత్రి అయ్యాడు, చదువు గాలీ నీరూ లాంటిదని వాదించి మాధ్యమిక విద్యకు ఫీజులు ఎత్తివేయించాడు. నవలలన్నీ ఈ రెండు కొసల మధ్య, ముఖ్యంగా 1934 నుంచి 1944 వరకు వచ్చాయి. పదవి పోయిన తరువాతి కాలం కథలకు కలిసివచ్చినట్టుంది.

ఆయన రాయలేదు, చెప్పి రాయించాడు. అందుకే ఆ వచనంలో మాట మాటను తోడు తెచ్చుకుంటుంది. ఒకే వాక్యం రెండు మలుపులు తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. కొందరు విమర్శకులు దీన్ని పునరుక్తి దోషమన్నారు. హరికథ విన్నవారికి మాత్రం అందులో తప్పేమీ కనిపించదు. 'దుఆ అల్-కరవాన్' (1934) ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. కరవాన్ అంటే రాత్రిళ్ళు కూసే పక్షి. ఊరినుంచి వెళ్ళగొట్టబడిన తల్లీ ఇద్దరు కూతుళ్ళూ పట్నంలో పనిమనుషులుగా చేరతారు. పెద్దది హనాదీ, నీటిపారుదల ఇంజనీరు చేతిలో మోసపోతుంది. తిరుగు ప్రయాణంలో, చీకట్లో, మేనమామ ఆమెను పొడిచి చంపుతాడు. ఆ వేళ పక్షి కూత వినిపిస్తుంది. అప్పటినుంచి చెల్లెలు ఆమినాకు ఆ కూతే అక్క పిలుపు. పగ తీర్చుకుందామని ఆ ఇంజనీరు ఇంట్లోనే పనికి కుదురుకుంటుంది. పక్షి మాట్లాడడం, చనిపోయిన తోబుట్టువు పక్షి గొంతులో పలకడం జానపద కథల పాత సరుకే. తాహా దాన్ని రూపం మార్పిడి మాయలేవీ లేకుండా, కేవలం శబ్దంగా వాడాడు. 1959లో హెన్రీ బరకాత్ సినిమాగా తీశాడు. ఫాతిన్ హమామా ఆమినా. ముగింపులో ఇంజనీరు తూటాకు బలవుతాడు. నవలలో అలాంటి తీర్పు లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, మధ్యలో ఆ పక్షి కూతతో మిగిలిపోతారు. సినిమాలు తీర్చి ముగిస్తాయి, ఈయన ముగించడు.

ఇక షహరజాద్. 1934లో తౌఫీక్ అల్-హకీమ్ 'షహరజాద్' నాటకం రాశాడు. 1936 వేసవిలో ఇద్దరూ ఫ్రెంచి ఆల్ప్స్ కొండల్లో కలిసినప్పుడు ఆటగా 'అల్-కస్ర్ అల్-మస్‌హూర్' (మంత్రించిన కోట) అనే పుస్తకం కలిసి రాశారు. తనను నాటకంలో తప్పుగా చూపించాడని షహరజాద్ అల్-హకీమ్‌ను ఎత్తుకుపోయి విచారణకు నిలబెడుతుంది. సరదా పుస్తకం, అంతకు మించి చెప్పుకోవలసింది లేదు. అసలు పని విశ్వవిద్యాలయంలో జరిగింది. పండితులు బజారు కథలని చిన్నచూపు చూసిన వెయ్యిన్నొక్క రాత్రుల మీద తన శిష్యురాలు సుహైర్ అల్-కలమావీ చేత పరిశోధన చేయించి, 1943లో పుస్తకంగా వస్తే ముందుమాట రాశాడు. అదే ఏడాది జనవరిలో దార్ అల్-మఆరిఫ్ 'ఇఖ్రా' అనే చవక పుస్తకాల వరస మొదలుపెట్టింది. మొదటి సంఖ్య తాహా నవల 'అహ్లామ్ షహరజాద్' (షహరజాద్ కలలు).

దాని అల్లిక చూడండి. వెయ్యిన్నొక్క రాత్రులు అయిపోయాయి. కథలు లేవు, షహ్రయార్‌కు నిద్ర లేదు. వెయ్యిన్నీ తొమ్మిదవ రాత్రి ఒక గొంతు అతన్ని లేపుతుంది. రాణి మందిరానికి వెళ్ళి చూస్తే ఆమె గాఢనిద్రలో ఉంది. నిద్రలోనే కథ చెబుతోంది. హద్రమౌత్‌ను ఏలే జిన్ రాజు కూతురు ఫాతినా, ఆమె కోసం యుద్ధానికి దిగిన జిన్ రాజుల సేనలు. రాజు ఊపిరి బిగబట్టి మంచం పక్కన కూర్చుని వింటాడు. తెల్లవారితే ఆమెను ఏమీ అడగలేడు. పాత కథలో ప్రాణభయంతో కథ చెప్పింది ఆమె, ఇక్కడ బిచ్చగాడిలా రాత్రి కోసం ఎదురుచూసేది అతను. చెప్పేవారి కళ్ళు మూసుకుని ఉన్నాయి, వినేవాడు చీకట్లో ఉన్నాడు. కథకు ఇంతకు మించి వెలుతురు అక్కర్లేదు. కంచె దగ్గర నిలబడిన పిల్లవాడి అనుభవాన్నే మహారాజుకు అంటగట్టాడు రచయిత.

నవలగా ఇది ఆయన ఉత్తమ రచన కాదు. ఫాతినా చెప్పే రాజనీతి మరీ పాఠంలా సాగుతుంది. ప్రజలను అడగకుండా రాజులు యుద్ధాలు చేస్తారన్న మాట, రోమెల్ సేనలు అలెగ్జాండ్రియా గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన కొద్ది నెలలకు, కైరోలో ఎలా వినబడిందో ఊహించగలం గానీ, ఇప్పుడు ఆ పేజీలు బరువుగానే నడుస్తాయి. రాజు కూర్చున్న ఆ గది మాత్రం మరపురాదు.

మరుసటి ఏడాది వచ్చిన 'షజరతుల్ బూస్' (దౌర్భాగ్య వృక్షం, 1944) నా దృష్టిలో ఆయన నవలల్లో అన్నిటికన్నా కఠినమైనది. గురువు ఆజ్ఞ అని ఖాలిద్ అనే యువకుడు వ్యాపారి కూతురు నఫీసాను పెళ్ళాడతాడు. నఫీసా కురూపి. ఇంట్లో దౌర్భాగ్యపు చెట్టు నాటారని వరుడి తల్లి అంటుంది, కొద్దికాలానికే కన్నుమూస్తుంది. ఖాలిద్‌కు మొదట భార్య రూపం పట్టదు. కూతుళ్ళు పుట్టాక, ఒకరు అందంగా ఒకరు తల్లిలా ఉండడం చూశాక కళ్ళు 'తెరుచుకుంటాయి'. అద్భుత కథలో కళ్ళు తెరుచుకోవడం శుభం. ఇక్కడ అక్కడినుంచే సంసారం కూలుతుంది, నఫీసా మతి చలిస్తుంది. తల్లి పోలిక వచ్చిన ఆ కూతురికి తాహా పెట్టిన పేరు జుల్‌నార్. వెయ్యిన్నొక్క రాత్రులు చదివినవారికి జుల్‌నార్ అంటే సముద్రంలోంచి వచ్చిన సౌందర్యరాశి, రాజు మనసు కరిగించి మాట్లాడిన రాణి. ఈ జుల్‌నార్ ఇంటిల్లిపాదికీ చాకిరీ చేస్తూ, చిన్నప్పుడు తనకనుకున్న మేనరికం తప్పిపోతుంటే చూస్తూ ఉండిపోతుంది. కప్ప రాజకుమారుడు కాలేదు. ఏ ముద్దూ, ఏ మూలికా రాలేదు. చూపులేని రచయిత, చూపున్నవారు చూపుతో చేసే హింసను ఇంత వివరంగా రాశాడు.

ఆయన చనిపోయాక దేశం మాత్రం ఆయన్ని పాత రకం అద్భుత కథగానే మార్చుకుంది. 1970ల చివర మహమూద్ యాసీన్ నటించిన జీవితకథా చిత్రం పేరు 'ఖాహిరుజ్జలామ్', అంటే చీకటిని జయించినవాడు. మందమతి పల్లె, పట్టుదల, పారిస్, మంత్రి పదవి: లోపం, నివారణ. ఈ దేశంలో 2017 నుంచి వికలాంగులను అధికారికంగా 'అస్హాబుల్ హిమమ్' అంటున్నారు, అంటే పట్టుదల గలవారు అని. మన ప్రభుత్వం 'దివ్యాంగులు' అంటోంది. ఉద్దేశం మంచిదే. అరబ్బీలో అంధుడిని గౌరవంగా 'బసీర్', అంటే చూడగలవాడు, అనే పాత మర్యాద కూడా ఉంది. తాహాకు ఈ మర్యాదలూ తెలుసు, అమర్యాదా తెలుసు. అల్-అజ్‌హర్ ప్రవేశ పరీక్షలో తనను పేరుతో కాక గుడ్డివాడా అని పిలిచి, అలాగే పంపేసిన పరీక్షకుడిని ఆయన పేరు చెప్పకుండా రాసి వదిలేశాడు. ఇంట్లో అందరూ తన దగ్గర ఆ మాట అనకుండా జాగ్రత్తపడేవారని అప్పుడే తెలిసిందట.

'అల్-అయ్యామ్' మొదటి భాగం చివరి అధ్యాయం తొమ్మిదేళ్ళ కూతురిని ఉద్దేశించి రాసినది. ఒకరోజు ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈడిపస్ కథ చెప్పాడు. కళ్ళు పొడుచుకుని రాజ్యం వదిలిన రాజును కూతురు ఆంటిగొని చెయ్యి పట్టుకుని నడిపించే ఘట్టం వచ్చింది. అంతవరకు ఉత్సాహంగా విన్న పిల్ల ముఖం మారి, బావురుమని తండ్రి మీద పడి ముద్దులు పెట్టుకుంది. తల్లి వచ్చి ఓదార్చి తీసుకుపోయింది. ఎందుకు ఏడ్చిందో తల్లికీ తండ్రికీ అర్థమైంది. ఇక తన చిన్ననాటి సంగతులు ఆమెకు అప్పుడే చెప్పకూడదనుకున్నాడు. చెబితే నవ్వుతుందేమోనని, ఏడుస్తుందేమోనని. ఆ తరువాత ఏడేళ్ళకు రాసిన నవలలో, చీకట్లో పక్షి కూత వింటూ కథంతా చెప్పే అమ్మాయికి కూతురి పేరుకు దగ్గరి పేరే పెట్టాడు: ఆమినా.